ఆల్చిప్పల దిబ్బల్లో పెర్కిన్సస్ జాడ పట్టడం: పడవ నుంచి పట్టిక దాకా

"30 ఆల్చిప్పలు పరీక్షించాం, ఒక్కదానిలోనూ పరాన్నజీవి లేదు." ఇలాంటి నివేదిక చేతికొస్తే చాలామంది ఏ పరీక్ష చేశారని అడుగుతారు. అంతకంటే ముందు అడగాల్సినవి మూడు: ఆ చిప్పలు ఎక్కడివి, ఏ నెలలో తీశారు, ఎంత సైజువి? ప్రయోగశాలలో జరిగే తప్పులు తక్కువ. జరిగినా కంట్రోల్ గొట్టాలు (ఫలితం ఎలా రావాలో ముందే తెలిసిన, పోలికకు పెట్టేవి) పట్టిస్తాయి. పడవలోనూ గోనెసంచిలోనూ జరిగే తప్పుల్ని ఏ కంట్రోలూ పట్టించదు. అందుకే ఈ మార్గదర్శిలో దిబ్బ మీద పనికి ఎక్కువ చోటిచ్చాం.

ఉదాహరణకు ఒక పరాన్నజీవిని, ఒక చిప్పను, ఒక చోటును ఎంచుకున్నాం. పరాన్నజీవి పెర్కిన్సస్. చిప్ప మన తూర్పు తీరపు తినే ఆల్చిప్ప, క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్ (కొత్త వర్గీకరణలో మగల్లానా బైలినియాటా అని రాస్తున్నారు). చోటు కాకినాడ అఖాతం. అక్కడ ఈ జబ్బు ఉందని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఒకవైపు కోరింగ, గాడేరు పాయల మంచినీరు, మరోవైపు ఉత్తరం నుంచి సముద్రం, మధ్యలో హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ చాటు ఉన్న అఖాతం కాబట్టి నమూనా పథకం ఎలా వేయాలో చూపడానికి బాగా పనికొస్తుంది.

ఏం వెతుకుతున్నాం

పెర్కిన్సస్ ఏకకణ జీవి. చిప్ప కణజాలంలో 2 నుంచి 10 మైక్రోమీటర్ల గుండ్రటి కణంగా ఉంటుంది. లోపల పెద్ద రిక్తిక (ద్రవం నిండిన సంచి) ఒక పక్కకు జరిగి ఉండటంతో, సూక్ష్మదర్శినిలో రాయి పొదిగిన ఉంగరంలా కనిపిస్తుంది. 1940ల చివర్లో అమెరికాలోని లూసియానా తీరంలో ఆల్చిప్పలు కుప్పలుగా చనిపోతే చమురు కంపెనీలదే పాపమని అనుమానించారు. ఆ పరిశోధనలోనే ఈ జీవి బయటపడింది. 1950లో దానికి డెర్మోసిస్టిడియం మరైనం అని పేరు పెట్టారు, 1978లో పెర్కిన్సస్‌గా మార్చారు. 1952లో సామీ రే దీన్ని పట్టే పరీక్షను ప్రకటించాడు. డెబ్బై ఏళ్లు దాటినా ఇప్పటికీ మొదట చేసేది ఆ పరీక్షే.

మన దేశంలో 2010లో ముత్యపు చిప్ప పింక్టాడా ఫ్యుకాటాలో పెర్కిన్సస్ ఓల్సెనీ, 2012లో క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్‌లో పెర్కిన్సస్ బైహైయెన్సిస్ ఉన్నట్టు పరిశోధన పత్రాలు వచ్చాయి. వీటిలో ఓల్సెనీ ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ జాబితాలో ఉంది, అంటే కనిపిస్తే ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బు. బైహైయెన్సిస్ ఆ జాబితాలో లేదు. మొదటి పరీక్షలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఈ సంగతి చివరిదాకా గుర్తుండాలి.

మనుషులకు ఇది సోకదు. ఊళ్లో మొదట వచ్చే ప్రశ్న అదే కాబట్టి సూటిగా చెప్పేయండి.

ఎన్ని చిప్పలు తీయాలి

జబ్బు ఉందో లేదో తేల్చడం ఒక పని. ఉన్న జబ్బు పెరుగుతోందా తగ్గుతోందా చూడటం వేరే పని. రెంటికీ కావలసిన సంఖ్యలు వేరు.

మొదటి పనికి లెక్క ఇది. దిబ్బలో వందకు 5 చిప్పలకు సోకి ఉంటే, వాటిలో కనీసం ఒక్కటైనా మన చేతికి చిక్కుతుందని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే 59 చిప్పలు కావాలి. సోకినవి 10 శాతమైతే 29 చాలు. 2 శాతమే అయితే 149 తీయాలి. ఎక్కువ మంది వాడే 30, 60, 150 అంకెలు ఇక్కడి నుంచి వచ్చినవే. ఈ లెక్క పరీక్ష ఎప్పుడూ తప్పదన్న ఊహ మీద నిలబడింది. పరీక్ష సోకిన పదింటిలో ఎనిమిదింటినే పట్టగలిగితే 59 కాస్తా 74 అవుతుంది. కాబట్టి 30లో ఒక్కటీ దొరకలేదంటే "జబ్బు లేదు" అని రాయకూడదు, "సోకినవి 10 శాతానికి మించి ఉండకపోవచ్చు" అని రాయాలి.

రెండో పనికి ప్రతి మూడు నెలలకు చోటుకు 30 చొప్పున తీయడం ఆచరణలో కుదిరే పద్ధతి. దాని పరిమితి కూడా తెలిసి ఉండాలి. 30లో 6 పాజిటివ్ వస్తే అది 20 శాతం, కానీ అసలు అంకె 10 నుంచి 37 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. మూడు నెలల తర్వాత 12 వస్తే 40 శాతం, దాని హద్దులు 25 నుంచి 58. రెండు హద్దులూ ఒకదాని మీదికొకటి వస్తున్నాయి కాబట్టి "జబ్బు రెట్టింపైంది" అని రాసే హక్కు ఇంకా రాలేదు. ఏడాదికోసారైనా, వేసవి చివర, చోటుకు 60 తీయండి.

ఎక్కడ, ఎప్పుడు

పెర్కిన్సస్‌కు వెచ్చదనం, ఉప్పదనం నచ్చుతాయి. మంచినీరు ఎక్కువగా కలిసే చోట తీవ్రత తగ్గుతుంది. కాబట్టి పడవ ఆగడానికి వీలైన ఒక్క రేవు దగ్గరే నమూనా తీస్తే సగం బొమ్మే తెలుస్తుంది. కాకినాడ అఖాతంలో అయితే కనీసం మూడు చోట్లు ఉండాలి: దక్షిణాన పాయల నోటి దగ్గర ఒకటి, అఖాతం నడుమ ఒకటి, ఉత్తరాన సముద్రం వైపు ఒకటి. ప్రతి చోటుకూ జీపీఎస్ గుర్తు తీసుకుని, తర్వాత ఎన్ని ఏళ్లయినా అక్కడికే వెళ్లాలి. "ఈసారి అక్కడ చిప్పలు బాగున్నాయి" అని వంద మీటర్లు జరిగితే పాత అంకెలతో పోల్చడం కుదరదు.

కాలం విషయంలో గోదావరి వరదే గడియారం. మే చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా, వరద నీరు దిగకముందు, ఉప్పదనం ఎక్కువగా ఉన్నప్పుడు తీసే నమూనా అన్నింటికంటే ముఖ్యం. జబ్బు ఉంటే అప్పుడు దొరికే అవకాశం ఎక్కువ. వరద తగ్గాక అక్టోబరు, నవంబరుల్లో ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి. ఆగస్టులో దిగడం కష్టమే కానీ కుదిరితే తీయండి, ఉప్పదనం పడిపోయినప్పుడు తీవ్రత ఎంత దిగిందో తెలుస్తుంది. సెప్టెంబరులో ఒక్కసారి తీసి "జబ్బు లేదు" అనడం మాత్రం వరదకు బహుమతి ఇచ్చినట్టే.

రోజు ఎంచుకోవడానికి తిథి చూడండి. అమావాస్యకో పౌర్ణమికో ఒకటి రెండు రోజుల తర్వాత నీరు బాగా దిగుతుంది, దిబ్బలు తేలతాయి. పాటు పూర్తిగా దిగే వేళకు గంట ముందే దిబ్బ దగ్గర ఉండాలి. పోటు మొదలయ్యాక తొందరలో తీసిన చిప్పలన్నీ అంచు చిప్పలే అవుతాయి.

కోరింగ అభయారణ్యం హద్దుల్లోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలో కొన్ని గుల్ల జాతులు ఉన్నాయి. మీరు తీసే జాతి అందులో ఉందేమో కూడా అప్పుడే చూసుకోవాలి.

దిబ్బ మీద పని

సంచిలో ఉండాల్సినవి: అర మీటరు చదరపు పైపు చట్రం, ఉలి, సుత్తి, మందపాటి గ్లోవ్స్, రిఫ్రాక్టోమీటర్ (నీటి ఉప్పదనం కొలిచేది), థర్మామీటర్, తడిస్తే చిరగని కాగితం, పెన్సిల్ (పెన్ను వద్దు), శుభ్రమైన గోనెసంచులు, ఐస్ పెట్టె. రిఫ్రాక్టోమీటర్‌ను ఆ రోజు పొద్దున్నే డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకు సరిచేయాలి. ఎండలో పెట్టి మరిచిపోతే రీడింగ్ జరుగుతుంది.

మొదట నీళ్లు. ఉష్ణోగ్రత, ఉప్పదనం దిబ్బ మట్టం దగ్గర కొలవాలి. వరద రోజుల్లో పైన మంచినీరు, అడుగున ఉప్పునీరు పొరలుగా నిలుస్తాయి. పైన ముంచిన బకెట్ చెప్పేది చిప్పలు అనుభవిస్తున్న నీటి సంగతి కాదు.

తర్వాత చట్రం. దిబ్బ మీద పది చోట్ల, కళ్లకు నచ్చిన చోట కాకుండా, అడుగులు లెక్కపెట్టి వేయండి (ఉదాహరణకు ప్రతి ఏడో అడుగుకు ఒకటి). ప్రతి చట్రంలో నాలుగు అంకెలు రాయాలి:

- బతికున్న చిప్పలు
- తాకినా మూసుకోకుండా నోరు తెరిచి ఉన్నవి
- లోపల మాంసం లేకున్నా రెండు చిప్పలూ అతుక్కునే ఉండి, లోపలి గోడ తెల్లగా శుభ్రంగా ఉన్నవి, అంటే కొత్త చావులు
- అలాంటివే, లోపల నాచు, బార్నకిల్స్ పట్టినవి, అంటే పాత చావులు

కొత్త చావుల్ని, కొత్త చావులూ బతికున్నవీ కలిపిన మొత్తంతో భాగిస్తే ఇటీవలి మరణాల శాతం వస్తుంది. ఈ అంకె లేకపోతే తర్వాత ప్రయోగశాలలో దొరికిన పరాన్నజీవి చిప్పల్ని చంపుతోందో, ఊరికే కాపురముంటోందో చెప్పలేరు. చాలా నివేదికల్లో లేనిది ఇదే.

పరీక్షకు చిప్పలు ఏరేటప్పుడు ఒక సైజు పట్టీకి కట్టుబడండి, ఉదాహరణకు 60 నుంచి 90 మిల్లీమీటర్లు. వయసుతోపాటు సోకే అవకాశం పెరుగుతుంది. ఈసారి చిన్నవి, వచ్చేసారి పెద్దవి తీస్తే జబ్బు పెరిగినట్టు కనిపిస్తుంది, నిజానికి పెరిగింది చిప్ప. గుంపుగా అతుక్కున్నవాటిలో ఒక గుంపు నుంచి ఒకటే తీయాలి. పక్కపక్కనే ఉన్నవి ఒకదాని నుంచి ఒకటి అంటించుకుంటాయి కాబట్టి ఒకే గుంపులోని ఐదు చిప్పలు ఐదు సాక్ష్యాలు కావు.

నోరు తెరిచినవాటిని కూడా తీసుకోండి, కానీ వేరే సంచిలో, వేరే లెక్కలో. జబ్బు తొందరగా దొరికేది వాటిలోనే. వాటిని 30లో కలిపేస్తే శాతం తప్పుగా పెరుగుతుంది. వాసన పట్టినవి దేనికీ పనికిరావు.

తీసుకురావడం

మంచినీళ్లతో కడగొద్దు. ఐస్ మీద నేరుగా పెట్టొద్దు. ఐస్ కరిగిన నీరు చిప్పలోకి దిగితే మొప్పల కణజాలం ఉబ్బి పాడవుతుంది. పెట్టె అడుగున ఐస్ సీసాలు, పైన మందంగా పాత పేపర్లు, ఆ పైన ఉప్పునీటిలో తడిపిన గోనెసంచిలో చిప్పలు, లోతైన పెంకు కిందికి ఉండేలా. 24 గంటల్లోపు తెరవాలి.

మూడు చోట్ల చిప్పల్నీ ఒకే నీటి తొట్టెలో "కాసేపు" ఉంచడం చాలా మామూలుగా జరిగే తప్పు. సోకిన చిప్ప నీటిలోకి వదిలే కణాల్ని పక్కది పీల్చుకుంటుంది. ఆ తర్వాత వచ్చే పీసీఆర్ (డీఎన్ఏను పెంచి గుర్తించే పరీక్ష) ఫలితం తొట్టెది, దిబ్బది కాదు.

తెరవడం, ముక్కలు పంచడం

బ్రష్‌తో పైబురద రుద్ది, నంబరు రాసి, పొడవు, మొత్తం బరువు కొలవండి. కీలు దగ్గర కత్తి పెట్టి తెరిచి, మాంసం నీరు ఒడిచి తూచండి. మాంసం బరువును మొత్తం బరువుతో భాగించి వందతో గుణిస్తే చిప్ప పుష్టి తెలుస్తుంది. ఆల్చిప్పలు గుడ్లు వదిలాక కూడా బక్కచిక్కుతాయి, అందువల్ల ఈ అంకెను అదే నెల పాత అంకెలతోనే పోల్చాలి.

మాంసాన్ని కోయకముందు కళ్లతో చూసినవి రాయండి: మాంటిల్ (పెంకు లోపల మాంసాన్ని కప్పే పొర) వెనక్కి ముడుచుకుందా, జీర్ణగ్రంథి పాలిపోయిందా, తెల్లటి బుడిపెలు ఉన్నాయా. ఇవేవీ పెర్కిన్సస్‌కు రుజువులు కావు, అనుమానాలు మాత్రమే.

ఇప్పుడు ఒకే చిప్ప మూడు చోట్లకు పోతుంది:

1. మొప్పలు, మాంటిల్, పురీషనాళం నుంచి 5 × 10 మిల్లీమీటర్ల ముక్కలు రే ద్రావణంలోకి (సామీ రే పరీక్షలో వాడేది, తయారీ కింద ఉంది).
2. మొప్ప నుంచి కందిగింజంత ముక్క 95 శాతం ఆల్కహాల్‌లోకి. ఆల్కహాల్ ముక్కకు పది రెట్లు ఉండాలి.
3. మొప్ప, మాంటిల్, జీర్ణగ్రంథి, బీజకోశం అన్నీ కలిసొచ్చేలా 5 మిల్లీమీటర్ల మందంతో అడ్డకోత, కణజాలం చెడకుండా నిలిపే డేవిడ్సన్ ద్రావణంలోకి.

మూడింటికీ ఒకే నంబరు. చిప్పకూ చిప్పకూ మధ్య కత్తినీ పట్టకారునూ బ్లీచ్‌లో తుడిచి, నీటితో కడిగి, ఆల్కహాల్‌లో ముంచి మంట చూపాలి. ఒక్క మంటే చాలనుకుంటే డీఎన్ఏ అవశేషం తర్వాతి చిప్పకు అంటుకునే ప్రమాదం ఉంది. ఐదేసి చిప్పల ముక్కల్ని ఒకే గొట్టంలో కలిపి మందు ఆదా చేయాలనిపిస్తుంది. అలా చేస్తే ఎన్నింటికి సోకింది, ఎంత తీవ్రంగా సోకింది అన్న రెండు అంకెలూ పోతాయి.

రే ద్రావణం తయారీ

ఫ్లూయిడ్ థయోగ్లైకొలేట్ మీడియం పొడి బజారులో దొరుకుతుంది. లీటరుకు దాదాపు 29 నుంచి 30 గ్రాములు, కచ్చితమైన తూకం డబ్బా మీద ఉంటుంది. దానికి 20 గ్రాముల ఉప్పు (సోడియం క్లోరైడ్) కలిపి, కదుపుతూ మరిగించి, మూత గొట్టాల్లో 10 మిల్లీలీటర్ల చొప్పున పోసి, 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 నిమిషాలు ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో క్రిములు లేకుండా చేయడం) చేయాలి. చీకట్లో, గది చల్లదనంలో నిలవ ఉంచండి.

ద్రావణంలో ఉండే రంగు సూచిక ఆక్సిజన్ చేరితే గులాబీగా మారుతుంది. పైన సన్నటి గులాబీ పొర మామూలే. మూడో వంతు దాకా గులాబీ దిగితే గొట్టాన్ని మరిగే నీటిలో ఒక్కసారి వేడి చేసి చల్లార్చి వాడొచ్చు. రెండోసారి మరిగించకండి, పారేయండి.

ముక్క వేసే ముందు, ద్రావణం పూర్తిగా చల్లారాక, గొట్టానికి 0.2 మిల్లీలీటర్ల పెన్సిలిన్-స్ట్రెప్టోమైసిన్ (మిల్లీలీటరుకు 10,000 యూనిట్లు, 10,000 మైక్రోగ్రాముల నిలవ ద్రావణం), 0.1 మిల్లీలీటరు నిస్టాటిన్ (మిల్లీలీటరుకు 10,000 యూనిట్లు) వేయండి. వేడి మీద వేస్తే మందు చచ్చిపోతుంది, గొట్టం కుళ్లుతుంది.

ముక్కను సూదితో అడుగుకు నెట్టాలి. పైన గులాబీ పొరలో తేలుతుంటే పరాన్నజీవి సరిగా ఉబ్బదు. 25 డిగ్రీల దగ్గర చీకట్లో 5 నుంచి 7 రోజులు ఉంచాలి. మే నెలలో గది బల్ల మీద పెడితే 36, 38 డిగ్రీల్లో బ్యాక్టీరియా పండగ చేసుకుంటుంది. బీఓడీ ఇంక్యుబేటర్ (గది కంటే చల్లగా కూడా ఒకే ఉష్ణోగ్రత నిలిపే పెట్టె) తప్పనిసరి. ప్రతి విడతలో ముక్క లేని గొట్టం ఒకటి, గతంలో పాజిటివ్ అని తేలిన కణజాలపు స్లైడ్ ఒకటి పోలికకు ఉండాలి.

ఈ ద్రావణంలో పరాన్నజీవి పెరిగి రెండు, నాలుగు కాదు. ఉన్న కణమే ఉబ్బి, దళసరి గోడ కట్టుకుని, హిప్నోస్పోర్‌గా మారుతుంది. అందుకే లెక్కపెట్టడానికి వీలవుతుంది: ఎన్ని కనిపిస్తే అన్నే ఉన్నాయి.

అయోడిన్, సూక్ష్మదర్శిని

లుగోల్ ద్రావణం: 10 గ్రాముల పొటాషియం అయోడైడ్, 5 గ్రాముల అయోడిన్, 100 మిల్లీలీటర్ల నీరు, గోధుమరంగు సీసాలో. వాడేటప్పుడు ఒక పాలు ద్రావణానికి నాలుగు పాళ్లు నీరు.

ముక్కను స్లైడ్ మీద కత్తితో మెత్తగా నూరి, రెండు మూడు చుక్కలు వేసి, రెండు నిమిషాలు ఆగి, కవర్‌స్లిప్ మెల్లగా నొక్కండి. 40 రెట్లలో పై నుంచి కిందికి పాము నడకలా మొత్తం చూసి, అనుమానం ఉన్నవాటిని 100, 400 రెట్లలో ఖాయం చేయాలి. హిప్నోస్పోర్లు కచ్చితమైన గుండ్రంగా, గోధుమ నుంచి నీలి-నలుపు రంగులో, 15 నుంచి 100 మైక్రోమీటర్లు, ఒక్కోసారి అంతకంటే పెద్దగా ఉంటాయి. అయోడిన్ రంగు తొందరగా వెలిసిపోతుంది కాబట్టి తొంభై స్లైడ్లు ఒకేసారి చేసి వరుసగా పెట్టుకోవద్దు.

మోసం చేసేవి ఇవి:

- పొడి చల్లిన రబ్బరు గ్లోవ్స్. ఆ పొడి మొక్కజొన్న పిండి, అయోడిన్ తగిలితే నల్లబడుతుంది. పొడి లేనివే వాడాలి.
- పురీషనాళంలోని నాచు కణాలు, వాటిలోని పిండిరేణువులు. మొప్ప, మాంటిల్ శుభ్రంగా ఉండి పురీషనాళం ఒక్కటే పాజిటివ్ అయితే రెండోసారి చూడండి.
- గాలి బుడగలు, కొవ్వు బిందువులు. గుండ్రంగా ఉంటాయి కానీ రంగు పట్టవు.
- చిక్కటి అయోడిన్. కణజాలమంతా నల్లబడి చిన్న హిప్నోస్పోర్లు దాక్కుంటాయి.

బాగా నమ్మదగిన రుజువు: హిప్నోస్పోర్లను కడిగి, 28 డిగ్రీల దగ్గర వడకట్టిన సముద్రపు నీటిలో వేస్తే కొన్ని రోజుల్లో లోపల విభజన జరిగి, చిన్న గొట్టం గుండా ఈదే కణాలు బయటికొస్తాయి. పెర్కిన్సస్ అనడానికి అంతకంటే అందమైన సాక్ష్యం లేదు. దీనికి అయోడిన్ వేయని ముక్క కావాలి, కొంచెం దాచుకోండి.

కుళ్లిన గొట్టాన్ని, ముక్క కరిగిపోయినదాన్ని "0" అని రాయకండి. "చెల్లదు" అని రాసి మొత్తం నుంచి తీసేయండి.

తీవ్రతకు అంకె

మాకిన్ కొలబద్ద 0 నుంచి 5 దాకా ఉంటుంది. ఆచరణలో ఇలా వాడొచ్చు: స్లైడ్ మొత్తంలో 1 నుంచి 10 కణాలైతే 0.33, 11 నుంచి 74 అయితే 0.67, 75 నుంచి 124 అయితే 1. అంతకు మించితే లెక్క ఆపి, కణజాలంలో ఎంత భాగం నల్లబడిందో చూడాలి: పావు వంతైతే 2, సగమైతే 3, ముప్పావైతే 4, దాదాపు అంతా నలుపైతే 5. ప్రతి పది స్లైడ్లలో ఒకటి ఇంకొకరు, మొదటివారి అంకె చూడకుండా, చదవాలి. 2కీ 3కీ మధ్య తేడా కంటిని బట్టి మారుతుంది.

ఆ తగవు వద్దనుకుంటే కణజాలాన్ని కరిగించి లెక్కపెట్టొచ్చు. ద్రావణంలో వారం ఉన్న, ముందే తూచిన కణజాలాన్ని సెంట్రిఫ్యూజ్ చేసి, గ్రాముకు 20 మిల్లీలీటర్ల చొప్పున 2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ (లీటరుకు 80 గ్రాములు) పోసి, 60 డిగ్రీల దగ్గర మాంసం కరిగి ద్రవం తేటపడే దాకా, ఒకటి నుంచి మూడు గంటలు ఉంచాలి. మాంసం కరుగుతుంది, హిప్నోస్పోర్ గోడ నిలుస్తుంది. 1,500 జీ వద్ద 10 నిమిషాలు తిప్పి, ఫాస్ఫేట్ బఫర్‌తో మూడుసార్లు కడిగి, హీమోసైటోమీటర్‌లో (కణాలు లెక్కపెట్టే గడుల గాజు పలక) లెక్కించాలి. పెద్ద గడికి సగటున 3 కణాలుంటే మిల్లీలీటరుకు 30,000. మొత్తం 2 మిల్లీలీటర్లయితే 60,000. కణజాలం 0.5 గ్రాములైతే గ్రాముకు 1,20,000. తేలికగా సోకినవాటికి హీమోసైటోమీటర్ గడులు చాలవు, 0.1 మిల్లీలీటరు చుక్క మొత్తాన్ని స్లైడ్ మీద చూడాలి. కళ్లద్దాలు, గ్లోవ్స్ లేకుండా ఈ క్షారం దగ్గరికి పోవద్దు.

పీసీఆర్, హిస్టాలజీ: ఎందుకు రెండూ

రే పరీక్ష "పెర్కిన్సస్" అని చెప్పి ఆగుతుంది. ఓల్సెనీయా, బైహైయెన్సిసా అన్నది డీఎన్ఏ చెప్పాలి. పెర్క్‌ఐటీఎస్-85, పెర్క్‌ఐటీఎస్-750 అనే ప్రైమర్ల (పీసీఆర్‌లో ఏ డీఎన్ఏ భాగాన్ని పెంచాలో గుర్తుపట్టే చిన్న ముక్కల) జత ఈ ప్రజాతికి వాడుకలో ఉంది, దాదాపు 700 బేస్‌ల ముక్క వస్తుంది. ఆ ముక్కను సీక్వెన్స్ చేయించాలి, అంటే దాని బేస్‌ల వరుస చదివించాలి. జెల్ మీద గీత చూసి జాతి పేరు రాయకూడదు. పీసీఆర్ పాజిటివ్ అంటే అక్కడ డీఎన్ఏ ఉందని మాత్రమే. రోజంతా నీటిని వడకట్టే మొప్పకు ఆ డీఎన్ఏ బయటి నుంచీ అంటి ఉండొచ్చు.

కణజాలం లోపల కణం ఉందా, చుట్టూ రక్తకణాలు మూగాయా అన్నది హిస్టాలజీ (కణజాలాన్ని పలచగా కోసి సూక్ష్మదర్శినిలో చూడటం) చూపిస్తుంది. డేవిడ్సన్ ద్రావణం: వడకట్టిన సముద్రపు నీరు 330, 95 శాతం ఆల్కహాల్ 330, ఫార్మలిన్ 220, గ్లిజరాల్ 110 మిల్లీలీటర్లు కలిపి ఉంచుకుని, వాడే రోజున 9 పాళ్లకు ఒక పాలు గ్లేసియల్ అసిటిక్ ఆమ్లం. ముక్కకు పది రెట్లు ద్రావణం. 24 నుంచి 48 గంటలు, ఆ తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లోకి. అంతకు మించి ఉంచితే ముక్క పెళుసవుతుంది. ఆమ్లం డీఎన్ఏను చెడగొడుతుంది కాబట్టి "తర్వాత ఇందులోంచే పీసీఆర్ చేద్దాం" అన్న ఆశ పెట్టుకోవద్దు.

పనిలో పనిగా కనిపించేవి

అడ్డకోత మీద పెర్కిన్సస్ ఒక్కటే కనిపించదు. మొప్పల్లో నెమటాప్సిస్ అనే ఏకకణ పరాన్నజీవి బీజాలు మన గుల్లల్లో తరచూ కనిపిస్తాయి. దాని తర్వాతి ఆతిథేయి పీత, చిప్పకు పెద్ద హాని ఉండదు. బీజకోశం నిండా తెల్లటి దారాల్లా ట్రెమటోడ్ (పరాన్నజీవి చదును పురుగు) సంచులుంటే ఆ చిప్ప ఇక గుడ్లు పెట్టలేదు, ఒక్క చిప్పలో కనిపించినా రాయాలి. పెంకు లోపల బురద బొబ్బలుంటే పాలిడోరా పురుగు, పెంకు జల్లెడలా ఉంటే క్లయోనా స్పంజి. బఠాణీ పీతలు చేతికే దొరుకుతాయి.

బొనామియా, మార్టీలియా లాంటి ఘోరమైన ఆల్చిప్ప పరాన్నజీవులు రే ద్రావణంలో బయటపడవు. దిబ్బలో చావులు ఎక్కువగా ఉండి రే పరీక్ష ఖాళీగా వస్తే హిస్టాలజీ స్లైడ్లు ముందు చూడండి.

పట్టిక ఎలా రాయాలి

మూడు అంకెలు, మూడు గడులు. 30 చిప్పల్లో 6 పాజిటివ్, వాటి స్కోర్లు 0.33, 0.67, 1, 1, 2, 3 అనుకుందాం. సోకిన శాతం 20. సోకినవాటి సగటు తీవ్రత, మొత్తం 8ని 6తో భాగిస్తే 1.33. దిబ్బ మొత్తం మీద భారం, అదే 8ని 30తో భాగిస్తే 0.27. సోకిన శాతం ఎక్కువై తీవ్రత 1 లోపే ఉండి, కొత్త చావులు మామూలుగా ఉంటే కంగారు అక్కర్లేదు, జబ్బూ చిప్పా సర్దుకుపోతున్నాయి. 3, ఆపై స్కోర్లు కనిపిస్తూ, కొత్త చావులు గత ఏడాది అదే నెల కంటే పెరిగితే మూడు నెలలు ఆగకుండా నెలకోసారి తీయాలి. పక్కనే ఉష్ణోగ్రత, ఉప్పదనం, సైజు, చెల్లని గొట్టాల సంఖ్య ఉండాలి.

పాజిటివ్ వస్తే

సహజ దిబ్బలో మందు లేదు. చేతిలో ఉన్నది చిప్పల రాకపోకల్ని ఆపడమే. ఆ దిబ్బ నుంచి పిల్ల చిప్పల్ని ఇంకో ఏటికి గానీ, తాళ్ల సాగుకు గానీ తీసుకెళ్లొద్దని గుల్లలు ఏరేవారికి చెప్పండి. 1979లో ఫ్రాన్స్‌లో బయటపడిన బొనామియా కాలిఫోర్నియా నుంచి తెచ్చిన చిప్పలతో వచ్చిందని భావిస్తారు. ఇలాంటివి ఎక్కువ దూరం వెళ్లేది మనుషుల పడవల్లో, లారీల్లోనే.

ఆల్కహాల్‌లోని నమూనాలో సగం జాతి నిర్ధారణకు పంపి, ఫలితం కోసం చూడకుండానే రాష్ట్ర మత్స్యశాఖకు, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దగ్గరి కేంద్రానికి తెలియజేయండి. జాతీయ జలచర వ్యాధుల నిఘా కార్యక్రమాన్ని లక్నోలోని జాతీయ మత్స్య జన్యు వనరుల బ్యూరో సమన్వయం చేస్తుంది. 2023లో వచ్చిన రిపోర్ట్ ఫిష్ డిసీజ్ యాప్‌లోనూ నమోదు చేయొచ్చు. జాతి తేలేదాకా "పెర్కిన్సస్ జాతి" అనే రాయండి, ఓల్సెనీ అని రాయకండి.

పెంకులు, మాంసం, తొట్టె నీరు ఏవీ తిరిగి ఏట్లోకి పోకూడదు. మాంసాన్ని ఆటోక్లేవ్ చేయాలి, అది లేకపోతే అరగంట ఉడికించి గొయ్యిలో పాతాలి. నీటిలో పదో వంతు బ్లీచ్ కలిపి రాత్రంతా ఉంచి, నేల కాలువలో పారబోయాలి. పెంకుల్ని అదే బ్లీచ్ నీటిలో నానబెట్టి నెలరోజులు ఎండనివ్వండి. మిగిలిన ఆల్కహాల్ సీసాల్ని, నెగటివ్ వచ్చినవాటిని కూడా, నంబర్లతో మైనస్ 20 డిగ్రీల్లో దాచండి. చీటీ సీసా పైన కాదు, పెన్సిల్‌తో రాసి లోపల వేయాలి. పైన అంటించింది మొదటి ఏడాదికే ఊడిపోతుంది.